పురాణ కథల రెండో సభ: ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో?

చిక్కడపల్లి_వాణి
పోయిన వేసవిలో జరిగిన పురాణ కథల సభకు రెండో విడత ఉంటుందని ఆ రోజు చివర్లో మైకులో చెప్పారు. ఆ మాట పట్టుకునే అడుగుతున్నాను. ఎప్పుడు పెడుతున్నారు? ఎప్పుడు పెట్టినా సరే, ఈసారి మాత్రం కథను సగంలో ఆపకండి. డోలు కొడుతూ దేవుళ్ల కథలు పాడి చెప్పే ఒగ్గు కథ వాళ్లు కొమురవెల్లి మల్లన్న కథ ఎత్తుకున్నారు. బలిజ మేడలమ్మతో పెళ్లయింది, గొల్ల కేతమ్మ ఊసు వచ్చింది, అప్పుడే జనం ముందుకు జరిగి కూర్చుంటున్నారు. ఇంతలో బెల్లు కొట్టారు. డోలు మీద దెబ్బ వేయడానికి చెయ్యెత్తిన పెద్దాయన ఆ చెయ్యి అలాగే దించేసి పక్కకు జరిగాడు. వెంటనే శాలువా, ఫోటో, తర్వాతి వక్త. అంతకుముందు స్లైడ్లతో మాట్లాడినవాళ్లకు ముప్పావు గంట చొప్పున ఇచ్చారు, కథ చెప్పేవాళ్లకు ఇరవై నిమిషాలు. ఇదెక్కడి న్యాయం?

సైనిక్‌పురి_కిరణ్
వాణి గారితో ఏకీభవిస్తున్నా. మా ఆవిడ ఇంటికొచ్చాక కూడా "కేతమ్మను పెళ్లి చేసుకున్నాడా లేదా" అని అడుగుతూనే ఉంది.

నల్లకుంట_సుధ
కిరణ్ గారూ, చేసుకున్నాడు. కొమురవెల్లి గుడిలో మల్లన్నకు అటు మేడలమ్మ, ఇటు కేతమ్మ ఉంటారు. మీ ఆవిడను ఒకసారి తీసుకెళ్లండి.

ప్రసంగాలన్నీ దండగ అంటే మాత్రం నేను ఒప్పుకోను. పేరిణి నాట్యం మీద మాట్లాడిన ఆవిడ జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి నుంచి రామప్ప గుడి శిల్పాల దాకా ఒక్కో భంగిమ నిలబడి చేసి చూపించారు. నాకు సభ మొత్తంలో అదే గుర్తుండిపోయింది.

సభ_రఘు
నిర్వాహకుల తరఫున రాస్తున్నాను. బెల్లు కొట్టింది హాలు వాళ్ల షిఫ్టు అయిపోతోందని. రెండు దాటితే రెండో షిఫ్టు అద్దె కూడా కట్టమన్నారు. అందుకే ఈసారి హాలు చూడకముందే మీ అందరినీ అడగాలనుకున్నాం. ఇప్పటికి మా ఆలోచన ఇది: ఫిబ్రవరిలో ఒక ఆదివారం, పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా. ఒగ్గు కథ, చేర్యాల పటం కథ, హరికథ, వీలైతే తోలుబొమ్మలాట. ప్రసంగాలు రెండే. ఏం తీసేయాలో, ఏం చేర్చాలో చెప్పండి.

కొమురవెల్లి_బిడ్డ
రఘన్నా, ఫిబ్రవరి ఆదివారం అంటున్నవు, ఒగ్గోళ్లు ఎవరు దొరుకుతరు? సంక్రాంతి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం మల్లన్న జాతర. ఒగ్గు పూజారులంతా కొమురవెల్లిలోనే ఉంటరు. పట్నాలు వేసుడు, బోనాలు, మొక్కులు, వాళ్లకు ఏడాదిలో నాలుగు పైసలు వచ్చే కాలమే అది. అది వదిలి హైదరాబాద్ రమ్మంటే మీ మొహమాటానికి వస్తరేమో, కానీ నష్టపోతరు.

సభ_రఘు
ఇది మా కమిటీలో ఎవరికీ తట్టలేదు, మంచి మాట చెప్పావు తమ్ముడూ. మరి ఎప్పుడైతే వాళ్లకు వీలు?

కొమురవెల్లి_బిడ్డ
ఆషాఢం, శ్రావణం బోనాలు. తర్వాత బతుకమ్మ, దసరా. కార్తీకం పోయినంక, మార్గశిరం మొదట్ల అయితే కొంచెం ఖాళీగా ఉంటరు. మార్గశిరం ఆఖరి ఆదివారం మల్లన్న కల్యాణం, దాని జోలికి మాత్రం పోవద్దు. ఆదివారం వద్దు, శనివారం పెట్టుండ్రి.

మల్కాజిగిరి_మాస్టారు
తేదీ సంగతి మీరు తేల్చుకోండి, నేను విషయం గురించి రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదటి సభలో "పురాణం" అనగానే అందరూ వ్యాసుడి దగ్గర మొదలుపెట్టారు. తెలంగాణలో ఊరూరా తిరిగి చెప్పే పురాణాలు వేరే ఉన్నాయి, ఒక్కో కులానికి ఒక్కోటి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చెప్పేది కూనపులి వాళ్లు. గౌడులకు గౌడజెట్టి వాళ్లు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పేది మందహెచ్చుల వాళ్లు. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు పాండవుల కథ చెబుతారు. మాదిగలకు జాంబ పురాణం, డక్కలి వాళ్లు చెబుతారు, చిందు వాళ్లు ఆడతారు. ఏ ఊళ్లో ఎవరు చెప్పుకోవాలో వాళ్లకు మిరాశి, అంటే వంశపారంపర్య హక్కు, ఉంటుంది. ఒకరి ఊళ్లోకి ఇంకొకరు వెళ్లరు.

చేర్యాల నకాషీ చిత్రకారులు కథల పటాలు గీసింది వీళ్లకోసమే. ఇవాళ మనం డ్రాయింగ్ రూములో తగిలించుకునే జానెడు బొమ్మ చూసి చేర్యాల పెయింటింగ్ అంటే అదే అనుకుంటున్నాం. అసలు పటం మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు పైగా పొడవు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు పట్టిస్తారు. బొమ్మల వెనక నేపథ్యమంతా ఎరుపు. మొదట వినాయకుడు, తర్వాత సరస్వతి, అక్కడి నుంచి కథ. చుట్టను కొద్దికొద్దిగా విప్పుకుంటూ కర్రతో ఒక్కో బొమ్మనే చూపిస్తూ రాత్రంతా చెబుతారు. మొదటి సభలో పటాన్ని అంతా ఒకేసారి విప్పి గోడకు కట్టేశారు. కథ చెప్పకముందే ముగింపు కనిపించింది.

నేను అడిగేది ఒక్కటే. రెండో సభ మొత్తం ఈ పురాణాల మీద పెట్టండి. ఒక్కటైనా పూర్తిగా విందాం.

బోడుప్పల్_హరి
మాస్టారూ, ఈ సభలో మీకూ ముప్పావు గంట ఇచ్చేయాల్సిందే.

నల్లకుంట_సుధ
మాస్టారూ, మీరు చెప్పినవన్నీ వినాలని నాకూ ఉంది. మొత్తం సభ వాటికే ఇస్తే హరికథ ఏమవ్వాలి? ఆదిభట్ల నారాయణదాసు గారు కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, ఒక్క మనిషే పాడుతూ ఆడుతూ కథ నడిపించిన కళ అది. ఇప్పుడు హైదరాబాదులో శ్రీరామనవమి పందిళ్లలో తప్ప వినపడదు. దానికీ దిక్కు లేదు కదా.

ఇంకో అనుమానం. కరపత్రం మీద "కుల పురాణాలు" అని వేస్తే వచ్చేవాళ్లు ఏమనుకుంటారో ఆలోచించారా? ఏదో కుల సంఘం మీటింగు అనుకుంటారు.

మగ్గం_ఇంటి_బిడ్డ
సుధ గారూ, మాది పద్మశాలి ఇల్లు, నల్లగొండ వైపు. మా నాయనమ్మ చిన్నప్పుడు కూనపులి వాళ్లు వస్తే వాడకట్టంతా మగ్గాలు ఆపేసి కూర్చునేవాళ్లట. భావనా ఋషి తామరతూళ్ల నూలు తీసి దేవతలకు బట్ట నేశాడని చెప్పే చోట, మగ్గం మీద కూర్చునే మనిషి ఎంత గర్వంగా వినేవాడో ఆమె చెబుతుండేది. కథ అయ్యాక వాళ్లకు ఇవ్వాల్సిన త్యాగం ఇచ్చి పంపేవాళ్లు. అది దానం కాదు, బాకీ.

మా నాన్న సూరత్ పోయాడు, మేము ఉప్పల్ వచ్చాం. మా ఊళ్లో ఇప్పుడు మగ్గాలు లేవు, కూనపులి వాళ్లు వచ్చి ఎవరికి చెప్పాలి? మొదటి సభలో పటం మీద పులినెక్కిన భావనా ఋషి బొమ్మ కనిపిస్తే నేను దాని ముందే నిలబడిపోయాను. పక్కన ఉన్న అట్ట మీద "జానపద చిత్రం" అని రాసి ఉంది, అంతే. అది ఎవరి కథో రాయలేదు. పేరు పెడితే తప్పేముంది? దాస్తేనే తప్పు.

నల్లకుంట_సుధ
మీరు రాసింది చదివాక నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. హరికథ అడగడం మాత్రం మానను.

చిక్కడపల్లి_వాణి
జాంబ పురాణం అన్నారు కదా మాస్టారు, అది నేను పూర్తిగా వినాలి. భూమి పుట్టకముందే పుట్టిన జాంబవంతుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగే ఘట్టం కొంచెం విన్నాను ఒకసారి. ఆ ప్రశ్నలు, జవాబులు, మధ్యలో నవ్వులు, అబ్బ! చిందు యక్షగానంలో గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది కదా, అలాంటి పెద్దల బృందాలను పిలవలేమా?

సభ_రఘు
అడిగి చూస్తాం వాణి గారూ. యక్షగానం అంటే వేషాలు, కిరీటాలు, మేకప్‌కే గంటలు పడుతుంది. ఒగ్గు కథ, యక్షగానం ఒకే రోజు పెట్టాలంటే వేదిక వెనక గదులు కావాలి.

దక్కనీ_సలీం
ఒక మాట నాది కూడా. హైదరాబాదులో పురాణ కథల సభ అంటున్నారు, గోల్కొండను మరిచిపోతే ఎలా? భారతం ఆదిపర్వంలో తపతీ సంవరణుల ప్రేమకథ ఉంది కదా, దాన్ని అద్దంకి గంగాధర కవి కావ్యంగా రాసి అంకితమిచ్చింది ఇబ్రహీం కుతుబ్ షాకు. మన కవులు మల్కిభరాముడు అని ముద్దుగా పిలుచుకున్న సుల్తాను. పొన్నెగంటి తెలగనార్యుడి యయాతి చరిత్ర, సంస్కృత పదాలు లేకుండా రాసిన మొదటి అచ్చ తెలుగు కావ్యం, పటాన్‌చెరు అమీన్ ఖానుకు అంకితం. ఇదంతా మన నగరం పక్కనే జరిగింది. ఒక అరగంట ఆ పద్యాలు రాగం తీసి చదివేవాళ్లు దొరికితే చాలు, ప్రసంగం అక్కర్లేదు. తర్వాత ఒక దాస్తాన్, అంటే ఉర్దూలో నోటితో చెప్పే పెద్ద కథ, కూడా పెట్టండి, అమీర్ హంజా కథ. కథ చెప్పడంలో మా వాళ్లూ తక్కువేం కాదు.

బోడుప్పల్_హరి
సలీం భాయ్, దాస్తాన్ ఉర్దూలో అయితే మా అమ్మకు అర్థం కాదు.

దక్కనీ_సలీం
దక్కనీలో చెప్పిస్తా భాయ్. మీ అమ్మగారు చార్మినార్ దగ్గర గాజుల బేరం ఏ భాషలో ఆడతారో ఆ భాషే.

సైనిక్‌పురి_కిరణ్
ఇవన్నీ ఒక్కరోజులో అంటే మళ్లీ ఇరవై నిమిషాల బెల్లే గతి. ఆలోచించండి. నేనైతే సురభి వాళ్ల నాటకం అడుగుదామనుకున్నా, శేరిలింగంపల్లిలోనే ఉన్నారు కదా. 1885 నుంచి కుటుంబాలకు కుటుంబాలే నాటకం ఆడుతున్నాయి. కానీ వాళ్ల తెరలు, తీగల మీద ఎగిరే పాత్రలు, ఆ సరంజామా బిగించడానికే ఒక రోజు కావాలి. అది విడిగా ఇంకో సభ.

రంగస్థలం_లక్ష్మి
కిరణ్ చెప్పింది నిజం. తోలుబొమ్మలాటకూ అదే సమస్య. నిమ్మలకుంట బృందాలు ధర్మవరం దగ్గర నుంచి రావాలి, రాత్రంతా ప్రయాణం. బొమ్మలు మనిషంత ఎత్తున ఉంటాయి, మేకతోలు, కీళ్లన్నీ దారాలతో కట్టినవి. మడత పెట్టి పట్టుకొచ్చే సరుకు కాదు. పగటిపూట హాల్లో కిటికీలకు కర్టెన్లు కట్టి ఆడించమంటే ఆ రంగులు తెర మీద వెలగవు. చీకటి పడాలి. ఒకచోట నేను వెనక నిలబడి చూశాను. రావణుడి బొమ్మ ఆడించే ఆయన కాలి కింద చెక్క పెట్టుకుని యుద్ధం వచ్చినప్పుడల్లా దాన్ని తొక్కుతున్నాడు. ముందు కూర్చున్న పిల్లలు ఆ చప్పుడుకు ఒకరినొకరు పట్టుకుంటున్నారు. అది అనుభవించాలంటే సాయంత్రం ఏడు తర్వాతే పెట్టాలి.

పెద్దలకు ముందే చెబుతున్నా, హాస్య పాత్రలు కేతిగాడు, బంగారక్క వచ్చినప్పుడు మాటలు కొంచెం ఘాటుగా ఉంటాయి. పిల్లలున్నారని వాళ్ల నోరు కట్టేయకండి. ఆటలో అది భాగమే.

ఇద్దరు_పిల్లల_తల్లి
నేను పిల్లల్ని తీసుకొస్తాను. ఘాటు సంగతి వాళ్లు బళ్లో రోజూ వింటున్నదే. మా చిన్నది మొదటి సభలో పటం దగ్గరకు పాకుతూ వెళ్లి ఆ కథకుడి కర్ర కొన దగ్గరే కూర్చుంది. ఆయన కర్ర జరిపితే తనూ జరిగింది. ఒక వాలంటీరు వచ్చి కుర్చీలో కూర్చోమని లాగారు. దయచేసి ఈసారి ముందు చాపలు వేయండి.

సౌండ్_రాజు
చాపలు అన్నారు కాబట్టి నేనూ రాస్తున్నా. పోయినసారి డోలుకు రెండు మైకులు, తాళాలకు ఒకటి పెట్టారు. గదిలో ఆ చప్పుడుకు కథ చెప్పేవాళ్ల మాట ఒక్కటీ అర్థం కాలేదు. డోలుకు మైకు అవసరమే లేదు, అది ఊరంతా వినపడడానికి కట్టిన వాయిద్యం. కథ చెప్పే మనిషికి, వంత పలికే మనిషికి చొక్కాకు పెట్టే చిన్న మైకులు చాలు. వాళ్లు తిరుగుతూ, ఆడుతూ చెబుతారు, స్టాండు మైకు ముందు నిలబెడితే చేతులు కట్టేసినట్టే. పోడియం తీసేయండి. జనం మూడు వైపులా కూర్చోవాలి.

రాత్రంతా పెట్టాలని ఎవరైనా అనుకుంటే, ఆరుబయట రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులకు, వాయిద్యాలకు అనుమతి ఉండదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు అవి. కాబట్టి ఆరుబయట అయితే మధ్యాహ్నం మూడుకు మొదలుపెట్టి పదికి ముగించాలి. ఏడు గంటలు దొరుకుతాయి, అది తక్కువేం కాదు.

మల్కాజిగిరి_మాస్టారు
ఏడు గంటల్లో ఒక పురాణం, ఒక ఒగ్గు కథ కచ్చితంగా పూర్తి అవుతాయి. రాజు చెప్పిన లెక్క నాకు నచ్చింది.

గుడిమల్కాపూర్_సంధ్య
ఒగ్గు కథ ముందు పట్నం వేయిస్తారా? పసుపు, కుంకుమ, పిండి, ఆకు పొడి, బొగ్గు పొడితో ఆ ముగ్గు వేయడం చూస్తే చాలా బాగుంటుంది. ఫోటోలకు కూడా.

కొమురవెల్లి_బిడ్డ
అక్కా, పట్నం అంటే ముగ్గు కాదు. మల్లన్నను అందులోకి పిలుస్తరు, మొక్కు ఉన్న ఇంటోళ్లు ఉపవాసం ఉంటరు. ఫోటోల కోసం వేసేది కాదు. మా ఇంట్ల పట్నం వేసిన రోజు చెప్పులేసుకుని ఎవరూ వాకిట్లకు కూడా రారు.

గుడిమల్కాపూర్_సంధ్య
నేను చూసింది ఒక ప్రదర్శనలో, స్టేజీ మీదే వేశారు. అందుకే అడిగాను.

మల్కాజిగిరి_మాస్టారు
వేదికల మీద వేసినవాళ్లు ఉన్నారు, వేయనన్నవాళ్లూ ఉన్నారు. చుక్క సత్తయ్య గారు ఒగ్గు కథను పెద్ద పెద్ద వేదికల మీదికి తీసుకెళ్లారు, కళగా దానికి పేరు తెచ్చారు, అందులో అనుమానం లేదు. పట్నం వేయాలా వద్దా అన్నది మాత్రం వచ్చే బృందాన్ని అడగాలి, మనం తీర్మానించేది కాదు. వాళ్లు వేస్తామంటే అందరం చెప్పులు బయట విడిచి కూర్చుందాం.

సభ_రఘు
అలాగే. బృందం మాటే చివరి మాట.

ఇప్పుడు డబ్బు. పోయినసారి ప్రవేశం ఉచితం, చందాలతో నడిపాం. ఈసారి రెండు బృందాలు, ప్రయాణం, భోజనం, బస. టికెట్ పెడదామా?

బోడుప్పల్_హరి
టికెట్ వద్దన్నా. ఉచితమైతేనే మా కాలనీ వాళ్లు వస్తారు. కథ విన్నాక జోలె పట్టండి, ఊళ్లో పద్ధతి అదే.

రంగస్థలం_లక్ష్మి
హరి గారూ, జోలెలో పడినదాని మీద ఆధారపడి ఐదారుగురు మనుషులు ఊరి నుంచి రావాలా? నాకు బాగా తెలిసిన ఒక బృందాన్ని ఒక సంస్థ వాళ్లు పిలిచి, "పెద్ద వేదిక, పేరొస్తుంది" అన్నారు. ఆటో కిరాయి కూడా చేతి నుంచి పెట్టుకుని వెళ్లిపోయారు వాళ్లు. డోలుతో సిటీ బస్సు ఎక్కితే కండక్టరు కసురుకున్నాడట. ముందు పారితోషికం ఎంతో మాట్లాడి, సగం ముందే పంపి, మిగతా సగం కథ అయిన వెంటనే చేతిలో పెట్టాలి. చెక్కు తర్వాత పంపుతాం అనకూడదు. ఇది లేకపోతే నేను ఈ సభకు పని చేయను.

మగ్గం_ఇంటి_బిడ్డ
లక్ష్మక్క మాటే నా మాట. టికెట్ రెండు వందలు పెట్టండి, విద్యార్థులకు, కాలనీల నుంచి వచ్చేవాళ్లకు ఉచితం. ఇవ్వగలిగినవాళ్లు ఇస్తారు. మా పద్మశాలి యువకులం కొందరం కలిసి కూనపులి బృందం ఖర్చు మొత్తం మేమే పెట్టుకుంటాం. మా ఇళ్లలో ఆగిపోయిన త్యాగం ఇలా ఇచ్చుకుంటాం.

చిక్కడపల్లి_వాణి
బాబూ, ఈ మాటకు నీకు దండం పెట్టాలి.

బోడుప్పల్_హరి
సరే, ఆ లెక్కన నాకూ సమ్మతమే. మా కాలనీ నుంచి వచ్చేవాళ్ల బాధ్యత నాది.

సైనిక్‌పురి_కిరణ్
శాలువాలు, మెమెంటోల డబ్బు కూడా పారితోషికంలో కలిపేయండి. ఏ కళాకారుడి ఇంటికి వెళ్లినా అటక మీద మెమెంటోలే.

నల్లకుంట_సుధ
రికార్డింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మొదటి సభ వీడియోలు ఎవరెవరో ముక్కలు చేసి పెట్టేశారు. కథ చెప్పినవాళ్ల పేరు కూడా లేదు ఒకదాంట్లో.

సౌండ్_రాజు
నేను పూర్తిగా రికార్డు చేస్తా, డబ్బులేం వద్దు. కాపీ ముందు బృందానికి, తర్వాత వాళ్లు ఒప్పుకుంటేనే బయటికి. ఫోన్లు మాత్రం లోపల పెట్టించాలి. ముందు వరుసలో అందరూ ఫోన్లెత్తితే కథ చెప్పేవాళ్లకు మనుషుల మొహాలు కనిపించవు, ఊ కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇద్దరు_పిల్లల_తల్లి
తిండి? ఏడు గంటలంటే పిల్లలు ఆగరు.

దక్కనీ_సలీం
ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు నా తరఫున.

గుడిమల్కాపూర్_సంధ్య
మా అత్తమ్మ సర్వపిండి చేస్తానంటోంది, కానీ నూరు మందికి కాదు. ఇంకో నలుగురు చేయి కలపాలి.

సభ_రఘు
ఇప్పటికి మేం పట్టుకున్నది: మార్గశిరం మొదటి పక్షంలో శనివారం, మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పది. కూనపులి వాళ్ల మార్కండేయ పురాణం, దీపాల వేళ సలీం గారు చెప్పిన గోల్కొండ కాలపు పద్యాలు, తర్వాత ఒగ్గు కథ. మల్లన్న కథే, మొదటి నుంచి చివరి దాకా. తోలుబొమ్మలాట, చిందు యక్షగానం, హరికథ మూడింటికీ విడివిడిగా తర్వాత సాయంత్రాలు పెడతాం. సుధ గారూ, హరికథ మొదటిది.

స్థలం ఇంకా తేలలేదు. ఆరుబయలు, మూడు వైపులా జనం కూర్చునే చోటు, మెట్రోకు దగ్గర. మీకు తెలిసినవి రాయండి.

నల్లకుంట_సుధ
బాగ్‌లింగంపల్లి చుట్టుపక్కల చూడండి, చిక్కడపల్లి మెట్రో దిగి ఆటోలో రావచ్చు. శిల్పారామంలో ఆరుబయట వేదిక ఉంది కానీ ఇటువైపు పెద్దవాళ్లకు దూరం.

మల్కాజిగిరి_మాస్టారు
స్థలం తేలేలోపు ఒకసారి చేర్యాల వెళ్లి రావాలి. పటం ఎవరి దగ్గర ఉందో, ఏ స్థితిలో ఉందో చూడాలి. పాతబడ్డ పటాన్ని నీళ్లలో వదిలేసే ఆచారం ఉంది, వాళ్ల దగ్గర ఇప్పుడు ఉన్నది కథ చెప్పడానికి పనికొస్తుందో లేదో. కొత్తది గీయించాలంటే నెలలు పడుతుంది, అది ఇప్పుడే చెప్పాలి.

మగ్గం_ఇంటి_బిడ్డ
వచ్చే శనివారం నేను కారు తీస్తున్నా మాస్టారూ. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర పొద్దున ఆరింటికి. ఇంకో ఇద్దరికి చోటుంది.

కొమురవెల్లి_బిడ్డ
నేను అక్కడనే ఉంట. చేర్యాల బస్టాండ్ కాడికి వచ్చి ఫోన్ చేయుండ్రి, ముందు నకాషోళ్ల ఇంటికి, తర్వాత ఒగ్గోళ్ల దగ్గరకు తీసుకపోత.

చిక్కడపల్లి_వాణి
ఒక సీటు నాది.